నాలుగు చాలన్న కాక

కాక పోయిండని ఫోనొచ్చినప్పుడు నేను దుకాణంల ఉన్న. పొద్దుగాల పదిన్నర. ఊర్లకెల్లి చేసింది చిన్నమ్మ, కాక భార్య. "మీ కాక పోయిండు బిడ్డా. చాయ తాగి అరుగు మీద కూసున్నడు. గ్లాసు తీస్కపోదామని పోయిన. అప్పటికే పోయిండు," అన్నది. అంతే. మాటలు పొదుపుగ వాడుడు వాళ్లింట్ల అందరికి అలవాటే.

నా ఎదురుంగ ఒక పడుచు సౌదీ నిలబడి, స్కోపు కంటికి పెట్టుకొని, రోడ్డవతల లాండ్రీ బోర్డు దిక్కు చూస్తున్నడు. నంబరు పదహారు మీద పెట్టుకున్నడు. నేను ఫోను పక్కన పెట్టి, చెయ్యి సాపి ఆ రింగును నాలుగు మీదికి తిప్పిన. "ఆఁ, ఇప్పుడు సాఫ్‌గ కనిపిస్తున్నది," అన్నడు ఆయన. నాకైతె ఏం కనిపించలే.

స్కోపంటె తెలువనోళ్లకు ఒక్క ముక్క చెప్త. తుపాకి మీద బిగించే దూర్బీన్ అది. నాలుగు నంబరంటె వస్తువు నాలుగంతలు దగ్గరగ కనిపిస్తది, ఇరవై నాలుగంటె ఇరవై నాలుగంతలు. రియాద్‌ల మలాజ్ కాడ మా దుకాణం. టెంట్లు, గ్యాసు పొయ్యిలు, గహ్వా అనే అరబ్బు కాఫీకి కూజాలు, దూర్బీన్లు, స్కోపులు అమ్ముతం. చలి మొదలైతె సౌదీలు ఎడారికి పోయి కుందేళ్లను, పావురాలను కొడ్తరు. వాళ్లకు ఏ నంబరు స్కోపు కావాల్నో చెప్పుడు కాక పని. నాకు చుట్టం కాదు, దుకాణంల పెద్దోడని కాక అనేటోణ్ని. ఇరవై ఏండ్లకు పైనే చెప్పిండు. అన్నేండ్లల్ల ఒక్క తూటా పేల్చలే. పరదేశీ తుపాకి ముట్టుకుంటె ఇకామాకు, అంటె ఆ దేశంల ఉండనిచ్చే కాయిదానికి, మంచిది కాదనేటోడు. "మరి నీకెట్ల తెలుసు కాక?" అంటె, "నైవేద్యం వండేటోడు రుచి చూస్తడారా?" అనేటోడు.

నేను నలభై ఏడేండ్లకు రియాద్ వచ్చిన. ఆ వయసుల మనోళ్లు సంచులు సర్దుకొని వాపస్ పోతరు. నేను అప్పుడే సంచి పట్టుకొని దిగిన. జగిత్యాల దిక్కు మా ఊర్ల నా బాయి ఎండింది. ఎండుతున్నదని తెలిసి నేనేం చేసిన? మూడు హార్స్‌పవర్ మోటరు పీకి ఐదుది పెట్టిన. ఉన్న నాలుగు బిందెల నీళ్లను ఐదు నిమిషాలల్ల గుంజి, మోటరు కాలి ఊకున్నది. గా తెలివితోనే స్కోపుల దుకాణంల అడుగు పెట్టిన.

మొదటి దినం కాక నా ముందట మూడు స్కోపులు పెట్టిండు. "ఏది మంచిది చెప్పు."

"ఇరవై నాలుగుది."

"ఎందుకు?"

"నాలుగు కంటె ఇరవై నాలుగు పెద్దది గద కాక."

"ఊర్ల ఏం పని చేస్తుంటివి?"

బాయి సంగతి, మోటరు సంగతి చెప్పిన. కాక నవ్వలే. కండ్లద్దాలు తీసి తుడుచుకుండు. "బాయిల నీళ్లెన్నో చూడకుండ మోటరు కొన్నోనివి. నీకిక్కడ మంచి పేరొస్తదిరా. ఇక్కడికొచ్చేటోళ్లంత నీ అసొంటోళ్లే," అన్నడు.

కాక చదివింది నాలుగో తరగతి. చిన్నప్పుడు మక్కచేన్లల్ల మంచె మీద కావలి ఉండేటోడట. చేతుల వడిసెల, ముందట నాలుగెకరాల చేను. ఒక చిలుక కూసున్న కంకి మీదనే చూపు పెడితె, అవతలి గట్టుకెల్లి పందులొచ్చి సగం చేను తొక్కి పోతయి. "కంకిని చూస్తే చేను పోతది," అనేటోడు. ఎడారిల కుందేలు సంగతి గుడ ఆయనకు అదే లెక్క. నంబరు పెంచినకొద్ది కుందేలు మీసాలు గుడ కనిపిస్తయి, గని చుట్టున్న చేను కనిపించదు.

గిరాకి వస్తె ముందుగాల స్కోపు చూపెట్టకపోయేది. కూసోబెట్టి గహ్వా పోసేది. ఒక కప్పు, రెండు, మూడు. సౌదీలు ఏమనుకునేటోళ్లంటె, ఈ హిందీ (ఇండియోళ్లను అట్లంటరు) ముసలాయనకు మర్యాద తెలుసు అని. మర్యాద కాదు, పరీక్ష. వాళ్లు వేటకు పోయిన్నాడు గుడ గహ్వా తాగే పోతరు గద. మూడు కప్పులు కడుపుల పడ్డంక గుండె కొట్టుకునుడు చేతికొస్తది. అప్పుడు ఇరవై నంబరు మీద పెట్టి స్కోపు చేతికిచ్చి, "లాండ్రీ బోర్డు చదువు షేక్," అనేటోడు. బోర్డు బతుకమ్మ ఆడేది. "ఇప్పుడు నాలుగు మీద చదువు." బోర్డు నిలబడేది. చెయ్యి వణుకును గుడ స్కోపు ఇరవయ్యంతలు చేస్తదని చెప్పుడు కంటె, ఇట్ల చూపెట్టుడు ఆయనకు అలవాటు.

ఇంకొకటి. స్కోపును చెయ్యంత దూరం పట్టుకొని వెనుక అద్దం చూడుమనేటోడు. అండ్ల తెల్లగ ఒక వెలుగు బిళ్ల ఉంటది. నాలుగు మీద రేగ్గాయంత. పన్నెండు మీద జొన్నగింజంత. ఇరవై నాలుగు మీద ఆవగింజంత. "కుందేలు బయటికొచ్చేది పొద్దు పొడిచే యాళ్ల, పొద్దు గూకే యాళ్ల. అప్పుడుండే వెలుగే తక్కువ. దాన్ని ఆవగింజంత తొర్రకెల్లి తాగితె కంటికేం ఆనుతది?" మరి మిట్టమధ్యాహ్నం వెలుగు మస్తుంటది గద అంటె, ఇసుక మీద గాలి ఉడుకుతది, నంబరు పెంచితె ఆ ఉడుకు గుడ పెరుగుతది అనేటోడు. "కొట్టకముందె కుందేలు కుండల ఉడుకుతున్నట్టు కనిపిస్తది. నోరూరుతది గని దెబ్బ తగలది."

ఒకనాడు ఒకాయన వచ్చి ఇరవై నాలుగుదే కావాలని పట్టు పట్టిండు.

"ఏం కొడ్తవ్ షేక్?" అడిగిండు కాక.

"కుందేలు."

"ఎంత దూరం?"

"యాభై మీటర్లు. మస్తయితె నూరు."

"మరి ఇరవై నాలుగెందుకు?"

"మా చిన్నాయన కొడుకు కాడ ఇరవైది ఉన్నది."

"ఆయన పోయినేడు ఎన్ని కొట్టిండు?"

ఆయన గడ్డం గోక్కుండు. "ఒకటి."

"స్కోపుతోనేనా?"

"లేదు. అది జీపు కింద పడ్డది."

ముగ్గురం నవ్వినం. ఆయన నాలుగుది తీస్కపోయిండు. మా కఫీల్‌కు మాత్రం ఇసొంటివి నచ్చకపోయేది. దుకాణం ఆయనది, మా ఇకామాలు ఆయన పేరు మీదనే. మంచోడే, గని పెద్ద నంబర్లంటె మక్కువ. పెద్ద డబ్బాలు షెల్ఫుల నిండుగ కనిపిస్తయని.

నేనొచ్చి నాలుగు నెలలైంది. చలికాలం అఖరు. ఒక బుధవారం కాక పన్ను పీకించుకోను దవాఖానకు పోయిండు. దుకాణంల నేనొక్కన్నే. అప్పుడొచ్చిండు ఒక ముసలి సౌదీ. ముసలాయన్ని వాళ్లు షేబా అంటరు, మేము గుడ గట్లనే అంటుంటిమి. ఆయన కాడ సలూకి కుక్క ఉండేది. సన్నగ, పొడుగ్గ, గాలికి కొట్టుకపోయే తీరుగ ఉంటది గని, ఉరికితె కుందేలును దాటిపోతది. ఆ కుక్కను కన్నబిడ్డ లెక్క చూసుకునేటోడు షేబా.

"కండ్లు మందగించినయి. మంచి స్కోపియ్యి," అన్నడు.

నేను గహ్వా పొయ్యలే. ఏం కొడ్తవని అడుగలే. ఎంత దూరమని అడుగలే. ఆరు నుంచి ఇరవై నాలుగు దాంక తిరిగే పెద్దదాన్ని తీసి, ఇరవై నాలుగు మీదనే పెట్టి ఇచ్చిన. షేబా లాండ్రీ బోర్డు మీది ఈగను చూసి ఖుషీ అయిండు. నేనింక ఖుషీ అయిన. మోటరు తర్వాత నా బతుకుల అంత పెద్ద నంబరు అదే.

గురువారం, శుక్రవారం సెలవు గద, వాళ్లు ఎడారికి పోయిన్రు. శనివారం పొద్దుగాల షేబా దుకాణానికొచ్చిండు. స్కోపును తలకు కట్టుకునే ఎర్ర గుత్రా గుడ్డల చుట్టి కౌంటర్ మీద పెట్టిండు. పెట్టుడు మెల్లగనే పెట్టిండు. గందుకే భయమైంది.

అయిందేందంటె, రాయి పక్కన కుందేలు కూసున్నది. షేబా ఒక కన్ను మూసి స్కోపుల చూస్తున్నడు. జీపుల కట్టేసిన కుక్క కుందేలును చూసి తాడు తెంపుకొని ఉరికింది. స్కోపుల నిండ కుందేలే ఉన్నది. కుక్క వచ్చుడు ఆయనకు కనిపించలే. ట్రిగ్గర్ ఒత్తిండు. తూటా కుక్క వెనుక కాలుకు తాకింది. పానం పోలే, గని ఇగ ఉరుకదని డాక్టర్ చెప్పిండట.

కఫీల్ వచ్చిండు. షేబా ఆయనకు తండ్రి వరసట. కఫీల్ మొహం నల్లబడ్డది. మా ఇద్దరి దిక్కు చూసి, "ఇది అమ్మిందెవరు? వాని పాస్‌పోర్టు మీద ఈ వారంల ఫైనల్ ఎగ్జిట్ కొట్టిస్త. వాడు ఇంటికే," అన్నడు.

నేను మస్తు మాట్లాడ్త. ఊర్ల నన్ను రేడియో అనేటోళ్లు. ఆ దినం రేడియో బందయింది. ఇంటికి పోతె ఏమున్నది నాకు? ఎండిన బాయి, కాలిన మోటరు.

"నేనే అమ్మిన," అన్నడు కాక. ఒక దవడ ఉబ్బి ఉన్నది, పన్ను పీకిన తావుల దూది ఉన్నది. దూదికెల్లే చెప్పిండు.

షేబా కాక దిక్కు చూసిండు. నా దిక్కు చూసిండు. కాకనే మళ్ల అడిగిండు ఆయన్ని: "షేబా, తప్పు జరిగింది. ఒక్క పొద్దు నాకియ్యి. ఎల్లుండి మమ్మల్ని ఎడారికి తీస్కపో. తప్పెక్కడున్నదో నీ కండ్లకు చూపెడ్త. తర్వాత నువ్వేం చెప్తె గదే."

షేబా తల ఊపిండు. కఫీల్, "సరె, ఎల్లుండి దాంక," అన్నడు.

మాపటికి సులైల మేముండే రూముకు పోయినంక నేను కాక ముందట నిలబడ్డ. "ఎందుకట్ల చెప్పినవ్ కాక? రేపు పోయి నేనే అని చెప్త."

కాక పచ్చిపులుసు పిసుకుతున్నడు. "నువ్వు నాలుగు నెలల మనిషివి. నిన్ను పంపాలంటె ఆయనకు నిమిషం పని. నన్ను పంపాలంటె రెండు దినాలు ఆలోచించుకోవాలె. ఇరవై ఏండ్లు ఆయన గహ్వా కాచిన గద. ఆ రెండు దినాలే మనకు కావాలె. ఉల్లిగడ్డ కొయ్యి."

కోసిన. ఇంత పెద్ద దిమాగ్ ఉన్నోడు దొరికిండని మనసు తేలికైంది. రేపు పోయి చెప్త అన్న మాట గుడ ఆ ఉల్లిగడ్డలతోనే పోయింది.

సోమవారం తెల్లారంగ షేబా జీపుల పోయినం. వెనుక సీట్ల కాలుకు కట్టుతోని కుక్క, దాని పక్కన నేను. అది నన్ను చూసి మొహం పక్కకు తిప్పుకోలే. దానికి తెలిస్తె తిప్పుకునేది.

రోడ్డు దిగి చానా దూరం పోయినంక జీపు ఆగింది. కాక షేబాతోని తుపాకి ఖాళీ చేయించి, బోల్టు ఊడదీయించి, అంగి జేబుల ఏసుకుండు. తూటా లేదని ఆయన మూడు సార్లు చూసిండు. నేను ఆరు సార్లు అడిగిన. ఎందుకంటె నూరడుగులు ఏయించి, రాయి మీద ఖాళీ లబన్, అంటె మజ్జిగ, సీసా పెట్టించి, "సీసాకు మూడడుగుల అవతల నిలబడు," అన్నడు నన్ను.

"నేనెందుకు కాక?"

"కుక్కకు కాలు బాగలేదు గద."

పోయి నిలబడ్డ. బోల్టు లేని తుపాకి పేలదని తెలుసు. తెలిసినా, గొట్టం మన దిక్కు తిరిగితె తెలివి ఎటో పోతది. జీపు కాడి మాటలు గాలికి మంచిగనే వినబడుతున్నయి.

"ఇరవై నాలుగు మీద చూడు షేబా. ఏమున్నది?"

"సీసా."

"ఇంకా?"

"సీసా మీది రాతలు."

"మనిషి?"

"ఏ మనిషి?"

ఆ మాట నేను ఇప్పటికీ మర్వలే. నేను మూడడుగుల దూరంల నిలబడి ఉన్న. ఆయన లెక్కల లేనే లేను.

"ఇప్పుడు రింగు ఆరు మీదికి తిప్పు. మూసిన కన్ను గుడ తెరువు."

షేబా తిప్పిండు. తుపాకి చప్పున కిందికి దించి, కట్టు కట్టిన కుక్క దిక్కు చూసిండు. చానా సేపు చూసిండు.

"నీది కుందేళ్ల వేట. దూరం తక్కువ, పక్కన కుక్క ఉంటది," అన్నడు కాక. "నీకు నాలుగు చాలు. అది మేము ముందుగాల అడగాల్సింది. అడుగకుండ ఇచ్చినం. తప్పు నీ చేతిది కాదు, కుక్కది కాదు. అడుగనోళ్లది."

నేను వాపస్ నడిచిన. నూరడుగులే. గని చెప్పులల్ల ఇసుక పోయి, నా బతుకుల అంత పొడుగు నడక ఇంకోటి లేదు. కాక ఒక్కసారి గుడ నా దిక్కు చూడలే. చెప్పు అన్నట్టు చూస్తె నేను చెప్పకపోదును కావచ్చు. జీపు కాడికొచ్చి, నాకొచ్చిన ముక్కముక్క అరబ్బిల, "షేబా, అమ్మింది నేను. కాక ఆ దినం దుకాణంల లేనే లేడు," అన్న.

"ఎరుకే," అన్నడు షేబా. "కొన్నది నేనే గద. నాకిచ్చినోని మొహం నేను మర్చిపోతనా? నా కండ్లు మందగించినయి గని అంత కాదు."

"మరి ఆ దినం ఎందుకు చెప్పలే?"

"ఒక పెద్దమనిషి నలుగురి ముందట నేనే అన్నంక, కాదు నువ్వు అబద్ధమాడుతున్నవ్ అని ఎట్లంట?" తుపాకి తీసి జీపుల పెట్టిండు. "నీ అంతట నువ్వు చెప్పాలె. చెప్పినవ్. బస్."

అక్కడికెల్లే కఫీల్‌కు ఫోన్ చేసిండు. ఏం చెప్పిండో నాకు సగమే అర్థమైంది, గని ఎగ్జిట్ మాట మళ్ల ఎవరూ ఎత్తలే. షేబా నాలుగు నంబరుది బిగించుకొని పోయిండు. కాక నాకు శిక్ష ఏసిండు: నెల రోజులు స్కోపు ముట్టుకోవద్దు, గహ్వా పోసుడు ఒక్కటే పని. ఆ నెలల నేను నేర్చుకున్నది అంతకు ముందు నాలుగు నెలలల్ల నేర్చుకోలే. మనిషి గహ్వా తాగుతుంటె, ఏం కొడ్తడో, ఎట్ల కొడ్తడో ఆయనే చెప్పుకుంటడు. మనం కూజా పట్టుకొని ఊకె నిలబడితె చాలు.

ఇంకా రెండు మూడేండ్లు రియాద్‌లనే ఉన్నడు కాక. అద్దాలు తుడువను డబ్బాలొచ్చే గుడ్డను నమ్మకపోయేది. నలభై సార్లు ఉతికిన తన లుంగి ముక్కనే వాడేది. అద్దం మీద నోటితోని ఊదితె చేతి మీద కొట్టేది, గిరాకయినా సరే. తర్వాత తనంతట తనే ఎగ్జిట్ అడిగి తీస్కొని పోయిండు. ఎయిర్‌పోర్టుల, "చూసుడు నేర్చినవ్. అడుగుడు మర్వకు," అన్నడు. నేనే ఏడ్చిన, చుట్టున్నోళ్లు పోయేది నేనని అనుకునేటట్టు.

ఈ కుక్క సంగతి నేను చానా మందికి చెప్పిన. చెప్పినప్పుడల్ల కాక తెలివి గురించే చెప్పేది. రెండు దినాలు సంపాయించిండు, కఫీల్ నాడి పట్టిండు, ఇసొంటి దిమాగ్ ఎవరికుంటది అని. అందరు నవ్వేటోళ్లు, నేను గుడ నవ్వేటోణ్ని.

కాక పోయిన పదకొండో దినం ఫోను కార్డు కొని చిన్నమ్మకు ఫోన్ చేసిన. ఏం మాట్లాడాల్నో తెలువక ఈ సంగతే చెప్పిన. ఆమెకు కాక ఎన్నడూ చెప్పలేదట. మొత్తం విన్నది.

"మిరపకాయలు ఏరే దినాలల్లనా బిడ్డా?" అని అడిగింది.

"చలికాలం అఖరు చిన్నమ్మా. అవు, గప్పుడే."

"అయితె గిదేనన్నట్టు. ఒకనాడు ఫోన్ చేసి, నేనొస్తున్న, ఇగ మళ్ల పోను, మంచానికి నులక అల్లించు అన్నడు. ఏమైందంటె, పనైపోయింది అన్నడు. వస్తనేమో అనలే బిడ్డా, వస్తున్న అన్నడు."

నేను కార్డు మీది గీతలు చూస్తున్న. రెండు దినాల లెక్క నాకోసం చెప్పిన లెక్క. నాకు అన్నం దిగాలని చెప్పిండు. తనకైతె ఆ శనివారమే పని అయిపోయింది.

"మరి మీరేం చేసిన్రు చిన్నమ్మా?"

"ఏం చేస్త. పాత నులక పీకేయించి కొత్తది అల్లించిన. వాకిట్ల ఏసి రెండు దినాలు చూసిన. మూడో దినం ఫోన్ చేసి, ఇప్పుడు రాను అన్నడు. ఎందుకని నేను అడుగలే, ఆయన చెప్పలే. కొత్త మంచం ఊకె ఎందుకని, దాని మీదనే మిరపకాయలు ఎండబోసిన. ఎర్రగ, మంచం నిండ."